మైలేజీ మందు ట్యాంకులో పోస్తే లోపల ఏం జరుగుతుంది?

ట్యాంకులో ఒక మూతెడు పోస్తే మైలేజీ 20 శాతం పెరుగుతుందంటూ అమ్మే సీసాలన్నీ దాదాపు ఒకే మాట చెబుతాయి: పెట్రోల్‌లో చాలా భాగం కాలకుండానే పొగగొట్టంలోంచి పోతోంది, మా మందు దాన్ని పూర్తిగా కాలుస్తుంది అని. ముందు ఈ మాటనే పరీక్షించాలి.

సరిగ్గా పనిచేస్తూ వేడెక్కిన పెట్రోల్ ఇంజిన్‌లో ఇంధనం దాదాపు 97, 98 శాతం కాలిపోతుంది. మిగిలిన రెండు మూడు శాతాన్ని ఏదో ఒక మందు చుక్క కూడా వదలకుండా కాల్చిందనే అనుకుందాం. అప్పుడైనా లాభం ఆ రెండు మూడు శాతం దగ్గరే ఆగుతుంది. అసలు నష్టం కాలకపోవడం వల్ల రావడం లేదు. కాలగా పుట్టిన వేడిలో మూడో వంతు అటూఇటుగా మాత్రమే బండిని లాగుతుంది, మిగతాది రేడియేటర్ ద్వారా, పొగ ద్వారా బయటికి పోతుంది. ఆ వేడిని వెనక్కి తెచ్చే శక్తి 40 లీటర్ల పెట్రోల్‌లో కలిపిన 40 మిల్లీలీటర్ల ద్రవానికి లేదు.

పైగా లోపల కాపలా ఉంది. ఒక కిలో పెట్రోల్‌కు సుమారు 14.7 కిలోల గాలి ఉండేలా కారులోని కంప్యూటర్, అంటే ఈసీయూ, చూసుకుంటుంది. పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో సెన్సార్ ఎప్పటికప్పుడు దానికి చెబుతుంది. అసిటోన్‌లాంటి, ఆక్సిజన్ తనలోనే ఉన్న ద్రవం కలిపితే పొగలో ఆక్సిజన్ ఎక్కువ కనిపిస్తుంది. ఇంధనం చాలడం లేదనుకుని ఈసీయూ ఇంకాస్త పెట్రోల్ చిమ్మిస్తుంది. పొదుపు కోసం పోసినది ఖర్చు వైపు తోస్తుందన్నమాట.

అసిటోన్ అంటే గోళ్లరంగు తుడిచే ద్రవంలో ఉండేదే. కిలో పెట్రోల్‌లో సుమారు 43 మెగాజౌళ్ల శక్తి ఉంటే, కిలో అసిటోన్‌లో 29 లోపే. అది కొన్ని రకాల రబ్బరును ఉబ్బించి మెత్తబరుస్తుంది. ఇంధన పంపు సీళ్లు, ఇంజెక్టర్ల ఓ-రింగులు అలా చెడితే పెట్రోల్ కారుతుంది, వేడి ఇంజిన్ పక్కన అది నిప్పుతో చెలగాటమే. మూత దగ్గర ఒలికితే పెయింట్ కూడా లేస్తుంది.

కలరా ఉండలు వేయడం మరో పాత చిట్కా. వాటిలో ఉండే నాఫ్తలీన్ పెట్రోల్‌లో కరుగుతుంది, నిజమే. కానీ దాని ద్రవీభవన స్థానం 80 డిగ్రీలు. పెట్రోల్ ఆవిరైపోయిన చోట అది మళ్లీ గట్టిపడి స్ఫటికాలుగా మిగులుతుంది, ఇంజెక్టర్ సన్నని రంధ్రాలకు అడ్డుపడగలదు. కాలినప్పుడు మసి ఎక్కువ. కిరసనాయిలుది ఇంకో బాధ: ఆక్టేన్, అంటే సమయానికి ముందే తనంతట అంటుకోకుండా ఆగే గుణం, బాగా తక్కువ కాబట్టి ఇంజిన్ కొట్టుకుంటుంది (నాకింగ్), కాలనిది సిలిండర్ గోడల వెంట దిగి ఇంజిన్ ఆయిల్‌ను పలచన చేస్తుంది.

అన్నిటికంటే ఎక్కువ భయపడాల్సింది లోహాలున్న మందులకు. ఫెరోసీన్ అనే రసాయనంలో ఇనుము, ఎంఎంటీ అనే దానిలో మాంగనీసు ఉంటాయి. రెండూ ఇంజిన్ కొట్టుడును నిజంగానే తగ్గిస్తాయి, చిక్కు ఆ తర్వాత వస్తుంది. పెట్రోల్ కాలి వాయువై పోతుంది, లోహం పోదు. ఆక్సైడుగా మారి స్పార్క్ ప్లగ్ తెల్లని పింగాణీ మీద ఎర్రని పూతలా కూర్చుంటుంది. ఆ పూత గుండా విద్యుత్తు జారిపోతే నిప్పురవ్వ బలహీనపడి మంట తప్పుతుంది, అంటే సిలిండర్‌లో పెట్రోల్ సరిగా అంటుకోదు (మిస్‌ఫైర్). కాలని పెట్రోల్ పొగను శుభ్రపరిచే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి అక్కడ మండుతుంది, ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత ఉన్న తేనెపట్టు లాంటి దిమ్మె కరిగిపోయేంత వేడి పుడుతుంది. సీసం కలిపిన పెట్రోల్‌ను మన దేశంలో 2000 ఫిబ్రవరి 1 నుంచి ఆపేశారు. మనుషుల ఆరోగ్యంతో పాటు ఈ కన్వర్టర్లను కాపాడటం కూడా అందుకు ఒక కారణం.

మరి వాడినవాళ్లు మైలేజీ పెరిగిందని ఎందుకంటారు? అబద్ధం చెప్పాలని కాదు, కొలత అలాంటిది. 300 కిలోమీటర్లు నడిపి ట్యాంకు నింపితే 20 లీటర్లు పట్టిందనుకోండి, లీటరుకు 15 కిలోమీటర్లు. ఇంకో బంకులో నాజిల్ ఒక లీటరు ముందే టక్కుమని ఆగితే 19 లీటర్లే పడుతుంది, మైలేజీ 15.8 అవుతుంది. ఏ మందూ లేకుండానే 5 శాతం లాభం! పైగా మైలేజీ చూడాలనుకున్న రోజున కాలు యాక్సిలరేటర్ మీద నెమ్మదిగానే ఆడుతుంది.

తేల్చుకోవాలంటే అదే బంకు, అదే నాజిల్, అదే దారి, ఒకే టైరు గాలి ఉండాలి. మందు లేకుండా మూడు ట్యాంకులు, మందుతో మూడు, మళ్లీ లేకుండా మూడు నడిపి రాసుకోవాలి. చివరి మూడింటిలో మైలేజీ తిరిగి పడిపోకపోతే ముందు కనిపించిన లాభం మందుది కాదనుకోవాలి. అయితే ఏముందో లేబుల్ మీద రాయని ద్రవంతో ఈ ప్రయోగం కూడా చేయవద్దు. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ ఇలాంటి పరికరాలను, ద్రవాలను 100కు పైగా పరిశీలించినా మైలేజీని చెప్పుకోదగ్గంత పెంచేది ఒక్కటీ కనబడలేదు. ‘ఈపీఏలో నమోదైంది’ అని సీసా మీద ఉంటే మోసపోకండి, అక్కడ నమోదు కావడం అంటే మందు పనిచేస్తుందని ధ్రువీకరించడం కాదు.

లెక్క కూడా చూడండి. పెట్రోల్ లీటరు 110 రూపాయలనుకుంటే 40 లీటర్లకు 4,400. 300 రూపాయల సీసా తన ఖర్చు తాను రాబట్టాలన్నా దాదాపు 7 శాతం పొదుపు చూపాలి.

ఒక మినహాయింపు ఉంది. పాలీఈథర్ అమీన్ అనే రసాయనం ఉన్న శుభ్రపరిచే ద్రవాలు ఇంజెక్టర్లలో పేరుకున్న జిగురును కరిగిస్తాయి. అవి కొత్త మైలేజీ ఇవ్వవు, మురికి వల్ల పోయినదాన్ని కొంత తిరిగి తెస్తాయి. పెట్రోల్‌ను నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే ఇంజిన్లలో ఇన్‌టేక్ వాల్వుల మీదికి పెట్రోల్ వెళ్లదు కాబట్టి అక్కడి మసి వీటితో పోదు.

ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ వల్ల తగ్గిన మైలేజీకీ సీసాలో మందు లేదు. లీటరు ఇథనాల్‌లో శక్తి పెట్రోల్‌లో ఉన్నదానిలో మూడింట రెండు వంతులే కాబట్టి, 20 శాతం కలిపినప్పుడు లీటరుకు 7 శాతం దాకా శక్తి తగ్గుతుంది. డబ్బు పెట్టాలంటే టైర్ల గాలి, పట్టేసి వదలని బ్రేకులు, తెరుచుకునే ఉండిపోయిన థర్మోస్టాట్ (ఇంజిన్ వేడిని అదుపుచేసే వాల్వు), పాడైన ఆక్సిజన్ సెన్సార్ చూపించుకోవడానికి పెట్టండి.

ఇప్పటికే పోసేశారా? తక్కువ మోతాదైతే మంచి పెట్రోల్‌తో ట్యాంకు నిండా నింపి పలచన చేయండి. ఇంజిన్ వణుకుతూ చెక్ ఇంజిన్ లైటు వెలిగి ఆరుతూ ఉంటే బండిని వెంటనే పక్కకు తీసి ఆపండి, అది మంట తప్పుతోందన్న సంకేతం. అలాగే నడిపితే కన్వర్టర్ పోతుంది. బండిని లాగించుకుని వెళ్లి ట్యాంకు ఖాళీ చేయించండి, స్పార్క్ ప్లగ్‌లు విప్పి రంగు చూడమనండి. ఖాళీ సీసా పారేయకుండా మెకానిక్ చేతికివ్వండి.