ఆపరేషన్ తర్వాత వచ్చిందంతా కాంప్లికేషన్ కాదు: చర్మ సమస్యల కోడింగ్‌లో అపోహలు, వాస్తవాలు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి మెడికల్ కోడింగ్‌లోకి (రోగి రికార్డుల్లోని జబ్బులకు, చికిత్సలకు నిర్ణీత కోడ్లు రాసే పనిలోకి) వస్తున్నవారిలో బీఎస్సీ, బీఫార్మసీ, నర్సింగ్ చదివినవాళ్లు చాలామంది. శరీర నిర్మాణం వాళ్లకు కొత్త కాదు. అయినా అమెరికా ఆసుపత్రుల చార్టుల్లో (రోగుల చికిత్స రికార్డుల్లో) ఆపరేషన్ తర్వాతి చర్మ సమస్యలు ఎదురైతే తడబడతారు. గుండె, మూత్రపిండాల విషయంలో ఉండే జంకు చర్మం దగ్గర ఉండదు. పైకి కనిపించేదే కదా అన్న ధీమాతో కోడ్ పుస్తకపు ఇండెక్స్ తెరవకుండానే కోడ్ రాసేస్తారు. విజయనగరంలో కొత్తవాళ్లకు నేర్పేటప్పుడు నాకు తరచూ వినిపించే అపోహలు కొన్ని ఇక్కడ చెబుతాను.

అపోహ: ఆపరేషన్ తర్వాత చర్మానికి ఏం వచ్చినా కాంప్లికేషన్ (చికిత్స వల్ల వచ్చిన సమస్య) కోడే.

అమెరికాలో జబ్బులకు వాడే కోడ్ల వ్యవస్థ ఐసీడీ-10-సీఎం. దాని మార్గదర్శకాల మొదటి విభాగంలో బి.16 అనే చిన్న పేరా ఒకటి ఉంది. కోడ్లకన్నా ముందు కంఠస్థం చేయాల్సింది ఆ పేరానే అని నేను అంటాను. దాని సారమిది. ప్రొసీజర్ (ఆపరేషన్ లాంటి చికిత్స ప్రక్రియ) సమయంలోనో, ఆ తర్వాతో వచ్చిన ప్రతి సమస్యా కాంప్లికేషన్ కాదు. ప్రొసీజర్‌కూ సమస్యకూ కార్యకారణ సంబంధం ఉండాలి. ఆ సమస్య వైద్యపరంగా పట్టించుకోదగినదై ఉండాలి. ఈ రెండూ డాక్టరు రాతలో దొరకాలి, మన ఊహలో కాదు.

పిత్తాశయం తీసేసిన రోగికి మూడో రోజున వీపంతా చెమటకాయలు వచ్చాయనుకోండి. డాక్టరు మిలియేరియా రూబ్రా అని రాసి, పూతమందు ఇచ్చారు. ఆపరేషన్ ఊసే ఎత్తలేదు. అప్పుడు కోడ్ ఎల్74.0, అంతే. చెమటకాయలు రావడానికి ఆపరేషనే అక్కరలేదని మే నెల ఉక్కపోతలో పలాస బస్సెక్కిన ఎవరికైనా తెలుసు. అక్కడ ఎల్76.82 (ప్రొసీజర్ తర్వాతి ఇతర చర్మ కాంప్లికేషన్లు) వేస్తే, జరగని కాంప్లికేషన్‌ను రోగి రికార్డులో పుట్టించినట్టే. కుట్ల చుట్టూ కొద్దిపాటి ఎరుపు, కమిలిన చర్మం కూడా ఇంతే. గాయం మానేటప్పుడు మామూలుగా ఉండేవే అని డాక్టరు భావిస్తే వాటికి విడిగా కోడ్ ఉండదు.

అపోహ: చార్టులో కాంప్లికేషన్ అన్న మాట లేకపోతే ఆ కోడ్ వేయకూడదు.

మొదటి అపోహ వదిలినవాళ్లు సాధారణంగా దీన్ని పట్టుకుంటారు. ఆ మాటే రాయాలని మార్గదర్శకాలు ఎక్కడా అడగవు. 'ఆపరేషన్ వల్ల కోత దగ్గర చర్మం కింద రక్తం గడ్డకట్టింది, తెరిచి తీసేశాం' అని డాక్టరు రాస్తే సంబంధమూ తెలిసింది, చికిత్సా తెలిసింది. అది పిత్తాశయ శస్త్రచికిత్స అయితే కోడ్ ఎల్76.32.

సంబంధం తేలకపోతే డాక్టరుకు క్వెరీ, అంటే వివరణ కోరే ప్రశ్న, పంపాలి. 'ఇది ఆపరేషన్ వల్ల వచ్చిన ఇన్ఫెక్షనే కదా?' అని అడగకూడదు. అలా అడిగితే జవాబును మనమే డాక్టరు నోట్లో పెట్టినట్టవుతుంది. గాయం వివరాలు, జ్వరం, కల్చర్ (ఏ క్రిమి ఉందో చూసే పరీక్ష) ఫలితం, ఇచ్చిన మందులు ముందు పెట్టి, ఆపరేషన్‌కు సంబంధించినది, సంబంధం లేనిది, ఊహించదగిన మార్పు, నిర్ధారించలేం అనే అవకాశాలన్నీ ఇవ్వాలి.

అపోహ: చర్మానికి సంబంధించినవన్నీ ఎల్76లోనే దొరుకుతాయి.

ఇక్కడ జరిగే పొరపాట్లే ఎక్కువ కాబట్టి కాస్త ఆగుదాం. ఎల్76లో ఉన్నవి ప్రధానంగా రక్తస్రావం, పొరపాటున పడిన కోత లేదా గుచ్చు, రక్తపు గడ్డ, సెరోమా (చర్మం కింద నీరు చేరడం). కోడ్ ఎంచుకునేటప్పుడు జరిగినది చర్మానికి చేసిన ప్రొసీజరా, వేరొకటా అని చూస్తాం. పుట్టుమచ్చ తీయించుకున్నచోట తర్వాత రక్తపు గడ్డ కడితే ఎల్76.31. చేసింది చర్మవైద్యుడా, సర్జనా అన్నదానితో పని లేదు.

ఇన్ఫెక్షన్ దారి వేరు. అది టి81.4కు వెళ్తుంది. 2018 అక్టోబరు 1 నుంచి ఈ కోడ్‌ను లోతును బట్టి విడగొట్టారు. చర్మం, దాని కింది కొవ్వు పొర వరకే ఉంటే టి81.41, కుట్టు దగ్గర పట్టిన చీముగడ్డ కూడా ఇందులోదే. కండరం, దాని పై పొర దాకా పోతే టి81.42. లోపలి అవయవానికో, ఖాళీకో చేరితే టి81.43. కాబట్టి 'గాయానికి చీము పట్టింది' అన్న ఒక్క ముక్క చాలదు, ఎంత లోతన్నది చార్టులో వెతకాలి. కల్చర్‌లో ఎంఆర్‌ఎస్‌ఏ (చాలా యాంటీబయాటిక్‌లకు లొంగని బ్యాక్టీరియా) వచ్చి, ఇన్ఫెక్షన్‌కు అదే కారణమని డాక్టరు రాస్తే బి95.62 జోడించాలి. సెప్సిస్ (ఇన్ఫెక్షన్ ప్రభావం ఒళ్లంతా పాకి ప్రాణాంతకం కావడం) వస్తే గాయం కోడ్ ముందు, ఆ తర్వాత టి81.44 (ప్రొసీజర్ తర్వాతి సెప్సిస్), ఆపైన సెప్సిస్ కోడ్. ఇన్ఫెక్షన్ కాకుండా బయటి కుట్లు విడిపోతే అది టి81.31.

సిజేరియన్ గాయం దగ్గర అనుభవజ్ఞులూ జారుతుంటారు. ఆ గాయానికి చీము పడితే టి81.4 కాదు, ఓ86.0 వరుస, పైపొర వరకే అయితే ఓ86.01. కుట్లు విడిపోతే ఓ90.0. ప్రసూతి అధ్యాయపు కోడ్లకే ముందు హక్కు. ఇంకొకటి: కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం వైపు డయాలసిస్ రోగులు చాలామంది కాబట్టి, మెడ దగ్గర పెట్టిన కేథటర్ చుట్టూ చీము పట్టడం మనవాళ్లు చూసే ఉంటారు. అదీ చర్మం మీదే కనిపిస్తుంది, కానీ కోత గాయం ఇన్ఫెక్షన్ కాదు. కేథటర్లకూ, శరీరంలో అమర్చిన పరికరాలకూ విడిగా కోడ్లున్నాయి.

అపోహ: టి81 లాంటి కోడ్ల చివర వచ్చే ఏడో అక్షరం ఎ అంటే మొదటిసారి వచ్చినప్పుడు, డి అంటే మళ్లీ వచ్చినప్పుడు.

పుస్తకంలో దాని పేరే అలా ఉంది కాబట్టి ఈ భ్రమకు కొత్తవాళ్లను తప్పుపట్టను. నిజానికి ఎ అంటే ఆ కాంప్లికేషన్‌కు చురుకుగా చికిత్స జరుగుతున్న దశ. ఆపరేషన్ నెల కిందటిదైనా, ఈ ఇన్ఫెక్షన్‌కు ఒక డాక్టరు యాంటీబయాటిక్ మొదలుపెట్టినా, వారం తర్వాత మరో సర్జన్ గాయం తెరిచి శుభ్రం చేసినా, రెండుచోట్లా టి81.41ఎక్స్ఎ. గాయం మానే దశకు వచ్చి, మామూలు పర్యవేక్షణ సాగుతుంటే డి. మధ్యలోని ఎక్స్ ఖాళీ నింపడానికి. అది లేకపోతే ఎ ఆరో స్థానంలో కూర్చుని కోడ్ చెల్లదు. ఎల్76కు ఈ గొడవేమీ లేదు, దానికి ఏడో అక్షరమే లేదు.

అపోహ: ఈ కోడ్ వేస్తే డాక్టరు తప్పు చేసినట్టు.

కాదు. మధుమేహం, ఊబకాయం, పొగతాగే అలవాటు ఉన్నవారికి ఎంత జాగ్రత్తగా కోసి కుట్టినా గాయం చెడవచ్చు. కోడ్ జరిగినదాన్ని చెబుతుంది, ఎవరి తప్పో చెప్పదు. అయితే దాన్ని దాచాలన్న ఒత్తిడి ఉత్తినే పుట్టలేదు. ఆసుపత్రిలోనే వచ్చిన కొన్ని ఎంపిక చేసిన సమస్యలకు అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ 2008 అక్టోబరు 1 నుంచి అదనపు సొమ్ము చెల్లించడం ఆపేసింది. కొన్ని ఆపరేషన్ల తర్వాతి గాయం ఇన్ఫెక్షన్లు ఆ జాబితాలో ఉన్నాయి. అందుకే చేరే సమయానికే సమస్య ఉందా, తర్వాత వచ్చిందా అన్న గుర్తు ముఖ్యం. ఇన్ఫెక్షన్‌తోనే వచ్చి చేరినవారికి వై, చేరాక మొదలైతే ఎన్. ఆ గుర్తును ఇష్టానుసారం తిప్పితే అది పొరపాటు స్థాయి దాటిపోతుంది.

అపోహ: సాఫ్ట్‌వేర్ చూపించిన కోడ్ వేస్తే సరిపోతుంది.

సరిపోదు. ట్యాబులర్ లిస్టులోని (కోడ్లు వరుసగా ఉండే పుస్తక భాగంలోని) మినహాయింపు గమనికలు చదవాల్సింది మనమే. పాత చార్టు చేతికొస్తే చికిత్స తేదీనాటి కోడ్లే వాడాలి.

అపోహ: ఇది నేర్చుకుంటే మన జిల్లా ఆసుపత్రుల్లోనూ ఇవే కోడ్లు.

ఐసీడీ-10-సీఎం అమెరికా తన అవసరానికి మార్చుకున్న రూపం. అక్కడ 2015 అక్టోబరు 1న అమల్లోకి వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐసీడీ-10లో ఎల్76 అనే వర్గమే లేదు, టి81.4 లోతును బట్టి విడిపోదు. ఇక ఎన్టీఆర్ వైద్య సేవ, ఆయుష్మాన్ భారత్ క్లెయిములు చికిత్స ప్యాకేజీ కోడ్ల మీద నడుస్తాయి. స్థానిక ఆసుపత్రిలో రికార్డుల ఉద్యోగానికి వెళ్లేవారు అక్కడ వాడేది ఏ పుస్తకం, ఏ ప్యాకేజీ జాబితా అని మొదటిరోజే అడిగి తెలుసుకోవాలి.