డ్యూరర్: ఒక అరుదైన జర్మన్ ఇంటిపేరు పుట్టుక, లెక్క

యూరప్ చిత్రకళతో కాస్త పరిచయం ఉన్నవారికి ఆల్‌బ్రెహ్ట్ డ్యూరర్ సంతకం చూడగానే తెలిసిపోతుంది. వెడల్పాటి 'ఎ' కాళ్ల నడుమ చిన్న 'డి' ఒదిగి ఉంటుంది. 1471లో న్యూరెంబర్గ్‌లో పుట్టి, 1528లో అక్కడే మరణించిన ఈ చిత్రకారుడు తన చెక్కుడు బొమ్మల మీద ఆ గుర్తును ఎంత శ్రద్ధగా వేసుకున్నాడంటే, దాన్ని దొంగిలించి అచ్చువేసేవారి మీద ఫిర్యాదులు కూడా నడిచాయి. అయితే ఆ కుటుంబం పేరు పుట్టిన తీరును బట్టి చూస్తే అక్కడ ఉండవలసినది 'డి' కాదు, 'టి'. ఆ ఒక్క అక్షరం ఎందుకు మారిందో వెతికితే జర్మన్ ఇంటిపేర్లు ఎలా పుడతాయో, కొన్ని ఎందుకు లక్షల మందికి వ్యాపిస్తాయో, కొన్ని ఎందుకు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందికే మిగులుతాయో చాలావరకు బోధపడుతుంది.

ఈ పేరు విషయంలో మనకు దక్కిన అదృష్టం ఏమిటంటే, 1524లో డ్యూరరే తన తండ్రి రాసిపెట్టుకున్న కాగితాల ఆధారంగా కుటుంబ చరిత్రను క్లుప్తంగా రాసి ఉంచాడు. అరుదైన ఇంటిపేరుకు ఇంత స్పష్టమైన పుట్టుక చీటీ దొరకడం చాలా అరుదు. దాని ప్రకారం అతని పూర్వికులు హంగరీ రాజ్యంలో డ్యూలా అనే చిన్న పట్టణానికి దగ్గరలోని ఒక పల్లెలో ఎడ్లను, గుర్రాలను పెంచుకుని బతికేవారు. తాత ఆంటన్ చిన్నతనంలోనే డ్యూలాకు వచ్చి కంసాలి పని నేర్చుకున్నాడు. అతని పెద్ద కొడుకు, చిత్రకారుడి తండ్రి అయిన పెద్ద ఆల్‌బ్రెహ్ట్ కూడా అదే పని నేర్చుకుని, చాలా చోట్ల తిరిగి, 1455లో న్యూరెంబర్గ్ చేరాడు. ఆ పల్లె పేరును డ్యూరర్ 'ఎయ్‌టాస్' అని తన చెవికి వినిపించినట్టు రాశాడు. పరిశోధకులు దాన్ని హంగేరియన్‌లోని ఆయ్‌తోష్‌గా గుర్తించారు. హంగేరియన్‌లో 'ఆయ్‌తో' అంటే తలుపు, 'ఆయ్‌తోష్' అంటే తలుపు కలది.

జర్మన్‌లో తలుపును 'ట్యూర్' అంటారు. ఊరి పేరుకు 'అర్' చేర్చి ఆ ఊరివాడని చెప్పడం జర్మన్‌లో మామూలు పద్ధతి. వియెన్నా వాడు వీనర్ అయినట్టే, తలుపు ఊరివాడు 'ట్యూరర్' అయ్యాడు. అంటే ఇది ఊరి పేరును ఉన్నదున్నట్టు తెచ్చుకున్న ఇంటిపేరు కాదు, ఊరి పేరు అర్థాన్ని అనువదించుకుని కట్టుకున్న ఇంటిపేరు. ఊళ్ల పేర్లే ఇంటిపేర్లయిన కుటుంబాలు మన తెలుగునాట వేలల్లో ఉన్నాయి గాని, ఊరి పేరును మరో భాషలోకి మార్చి పెట్టుకోవడం ఎక్కడైనా అరుదే. జర్మన్ పండితులలో మాత్రం అప్పట్లో ఇలాంటి సరదా ఉండేది. 1526లో డ్యూరర్ రాగిరేకు మీద చెక్కిన చిత్రంలోని మెలాంక్‌థన్ అసలు ఇంటిపేరు జర్మన్‌లో 'నల్ల నేల' అనిపించే ష్వార్ట్‌సెర్ట్. దాన్నే గ్రీకులోకి మార్చుకున్నారు. పండితులు పేరు మార్చుకుంది గౌరవం కోసం. కంసాలి కుటుంబం మార్చుకుంది, నా ఊహలో, ఇరుగుపొరుగు వారికి నోరు తిరగడం కోసం.

ఈ అనువాదం కేవలం తరువాతి వాళ్ల ఊహ కాదనడానికి గట్టి సాక్ష్యం కుటుంబ చిహ్నంలో ఉంది. డ్యూరర్ 1490లో, అంటే పందొమ్మిదేళ్ల వయసులో, తండ్రి చిత్రాన్ని గీశాడు. ఫ్లోరెన్స్‌లోని ఉఫీజీ ప్రదర్శనశాలలో ఉన్న ఆ పలక వెనుకవైపు తల్లిదండ్రుల ఇద్దరి కుటుంబ చిహ్నాలూ పక్కపక్కన ఉంటాయి. తల్లి బార్బరా పుట్టింటివారైన హోల్పర్ల చిహ్నంలో పొట్టేలు, తండ్రి చిహ్నంలో బార్లా తెరిచిన తలుపు కనిపిస్తాయి. 1523లో అచ్చువేసిన తన సొంత చిహ్నంలోనూ అతను అదే తలుపును చూపాడు. ఇంటిపేరుకు అర్థం ఏమిటో దాన్ని మోసినవారే బొమ్మ గీసి చెప్పడం కంటే మంచి ఆధారం నిఘంటుకారుడికి దొరకదు. ఆ కుటుంబం రక్తసంబంధంగా హంగేరియన్లా, లేక అంతకుముందే హంగరీ వెళ్లి స్థిరపడిన జర్మన్లా అన్న వాదం చాలాకాలం సాగింది. తలుపు బొమ్మ ఆ వాదాన్ని తేల్చదు. పేరు ఎక్కడినుంచి వచ్చిందో అది చెబుతుంది గాని, మనిషి ఎక్కడినుంచి వచ్చాడో చెప్పదు. ఇంటిపేర్ల శాస్త్రంలో ఈ రెండింటినీ కలిపేసేవారే ఎక్కువ.

ఇక 'టి' సంగతి. న్యూరెంబర్గ్ చుట్టుపక్కల మాట్లాడే ఫ్రాంకోనియా మాండలికంలో పదం మొదట వచ్చే 'ట'కు, 'డ'కు తేడా దాదాపు చెరిగిపోతుంది. రెండూ మెత్తని 'డ'లాగే పలుకుతాయి. పదిహేనో శతాబ్దంలో పేరుకు స్థిరమైన వర్ణక్రమం అంటూ లేదు. గుమస్తాకు ఏది వినిపిస్తే అదే రాతలోకి ఎక్కేది. ట్యూరర్ అన్నది జనం నోట డ్యూరర్ అయింది, కొడుకు దాన్నే ఖాయం చేసుకుని తన గుర్తులో బిగించాడు. పైగా ఆ రోజుల్లో ఆడవారి ఇంటిపేరుకు 'ఇన్' చేర్చేవారు కాబట్టి అతని భార్య ఆగ్నెస్ పాత పత్రాలలో డ్యూరరిన్‌గా కనిపిస్తుంది. జర్మన్ సామ్రాజ్యమంతటా 1876 జనవరి 1 నుంచి పౌర నమోదు కార్యాలయాలు పనిచేయడం మొదలుపెట్టాకే ఇంటిపేర్ల వర్ణక్రమం గట్టిపడింది. అప్పటికి ఒకే పేరుకు ఎన్ని రూపాలు వాడుకలో ఉంటే అన్నీ వేర్వేరు ఇంటిపేర్లుగా నిలిచిపోయాయి. మైయర్ అనే ఒక్క ఉచ్చారణకు జర్మన్‌లో నాలుగైదు వర్ణక్రమాలు ఉండడానికి కారణం ఇదే.

కుటుంబ చరిత్రలో డ్యూరర్ మామూలుగా దాటిపోయిన ఒక వాక్యం నాకు మిగతా వాటన్నిటికంటే విలువైనదిగా తోస్తుంది. అతని తండ్రికి లాడిస్లావ్ అనే తమ్ముడు ఉండేవాడు, గుర్రపు కళ్లేలు తయారు చేసేవాడు. ఆ తమ్ముడి కొడుకు నిక్లాస్ న్యూరెంబర్గ్ వచ్చి, పెదనాన్న దగ్గర కంసాలి పని నేర్చుకుని, తరువాత కొలోన్‌లో స్థిరపడ్డాడు. అక్కడ అతన్ని అందరూ పిలిచిన పేరు నిక్లాస్ ఉంగర్. 'ఉంగర్' అంటే హంగరీవాడు. ఒకే తాత మనవలు, ఒకే వృత్తి, ఒకే పెద్దవాడి దగ్గర నేర్చిన పని. అయినా న్యూరెంబర్గ్‌లో ఉన్నవాడు డ్యూరర్, కొలోన్ వెళ్లినవాడు ఉంగర్. ఇంటిపేరు వంశం లోపలినుంచి మొలిచేది అనుకుంటాం గాని, మొదటి తరాలలో దాన్ని నిర్ణయించింది చాలావరకు చుట్టూ ఉన్న జనమే. కొలోన్ వారికి డ్యూలా దగ్గరి పల్లెతో పనిలేదు, వచ్చింది హంగరీనుంచి అని తెలిస్తే చాలు.

ఉంగర్ అన్న పేరు నేడు జర్మనీలో ఎందుకు బాగా కనిపిస్తుందో, డ్యూరర్ ఎందుకు అరుదో ఇక్కడే అర్థమవుతుంది. హంగరీనుంచి వచ్చినవాడినో, హంగరీతో వ్యాపారం చేసినవాడినో ఉంగర్ అని పిలవడం ఎన్నో పట్టణాలలో, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా జరిగింది. జర్మనీలో అన్నిటికంటే ఎక్కువమందికి ఉన్న ఇంటిపేరు మ్యుల్లర్, అంటే మర పట్టేవాడు. పిండిమర లేని ప్రాంతం లేదు కాబట్టి ఆ పేరు వందల చోట్ల విడివిడిగా పుట్టింది. ఇద్దరు మ్యుల్లర్లు కలిస్తే బంధువులు కారనే అనుకోవాలి. డ్యూరర్ వంటి పేరు పుట్టాలంటే తలుపు అనే పేరున్న పల్లె ఉండాలి, అక్కడినుంచి ఒకడు జర్మన్ మాట్లాడే చోటికి రావాలి, పేరును అనువదించుకోవాలి, మాండలికం దాన్ని నలపాలి. ఇన్ని కలిసిరావడం ఒక్కసారి జరిగితేనే గొప్ప. ఆ పల్లె కూడా తరువాతి తురుష్క యుద్ధాల కాలంలో నశించింది కాబట్టి మరో ట్యూరర్ వచ్చే దారి మూసుకుపోయింది. బుడాపెస్ట్‌లో ఒక వీధికి ఆయ్‌తోషీ డ్యూరర్ అని పేరు పెట్టి ఆ రెండు రూపాలనూ హంగరీ వారు ఒకచోట చేర్చుకున్నారు.

అరుదు, సాధారణం అని అంటున్నాం సరే, లెక్క ఎక్కడిది? ఇందుకోసం పరిశోధకులు నమ్ముకున్నది టెలిఫోన్ డైరెక్టరీని. 2005 నాటి ఇంటి టెలిఫోన్ కనెక్షన్ల జాబితాను ఆధారం చేసుకునే కొన్రాడ్ కుంట్సె, డమారిస్ న్యూబ్లింగ్ నాయకత్వంలో జర్మన్ ఇంటిపేర్ల అట్లాసు తయారైంది. అందులో మ్యుల్లర్లు రెండున్నర లక్షలకు పైగా ఉన్నారు. ఒక్కొక్క కనెక్షన్ వెనుక సగటున ముగ్గురికి కాస్త తక్కువ మంది ఉంటారన్న అంచనాతో హెచ్చిస్తే మ్యుల్లర్ల సంఖ్య ఏడు లక్షల చేరువకు వస్తుంది. మరోవైపు జాబితాలోని వేర్వేరు పేర్ల రూపాలు ఎనిమిది లక్షలకు పైగా ఉన్నాయి, వాటిలో అత్యధికం అతి కొద్దిమందికే చెందినవి. కొన్ని పేర్లకు జనం అపారం, చాలా పేర్లకు జనం అత్యల్పం: ఏ దేశపు ఇంటిపేర్లను లెక్కించినా దాదాపు ఈ ఆకారమే కనిపిస్తుంది. పాత జాబితానే ఇంకా వాడటానికి కారణం ఏమిటంటే, మొబైల్ ఫోన్లు వచ్చాక డైరెక్టరీలో పేరు వేయించుకునేవారు తగ్గిపోయారు. కొత్త జాబితా పాతదానికంటే అధ్వాన్నం. అరుదైన పేర్ల విషయంలో ఈ లెక్కకు ఇంకో లోపం ఉంది. పది కనెక్షన్లున్న పేరుకు మూడుతో హెచ్చించి ముప్పై మంది అనడం అంచనాయే గాని జనాభా లెక్క కాదు, ఒక్క కుటుంబం ఫోను తీసేస్తే పదోవంతు మాయమవుతుంది. వలస వెళ్లినవారి పత్రాలలో జర్మన్ అచ్చుల మీది చుక్కలు రాలిపోవడం వల్ల డ్యూరర్ కాస్తా డ్యురర్, డుయెరర్ అని మూడు పేర్లుగా చీలుతుంది కూడా.

పెద్ద ఆల్‌బ్రెహ్ట్‌కు, బార్బరాకు 1467లో పెళ్లయింది. వారికి పుట్టిన పద్దెనిమిది మంది పిల్లల పేర్లు, పుట్టిన వేళలతో సహా తండ్రి రాసిపెట్టుకున్నాడు, కొడుకు వాటిని తన చరిత్రలో ఎత్తి రాశాడు. చదువుతూ పోతే కడుపు తరుక్కుపోతుంది: 1524 నాటికి వారిలో బతికి ఉన్నది ముగ్గురు అన్నదమ్ములే, చిత్రకారుడు ఆల్‌బ్రెహ్ట్, కంసాలి ఎండ్రెస్, మరో చిత్రకారుడు హాన్స్. ఆల్‌బ్రెహ్ట్, ఆగ్నెస్ దంపతులకు సంతానం లేదు. మిగతా ఇద్దరి ద్వారానూ పేరు నిలవలేదు. పద్దెనిమిది కాన్పులు చూసిన ఇంట్లో ఇంటిపేరు రెండో తరంతోనే ఆగిపోయింది.

ఇలా పేర్లు అంతరించడం దురదృష్టమా, నియమమా అన్న ప్రశ్నను 1873లో ఇంగ్లండుకు చెందిన ఫ్రాన్సిస్ గాల్టన్ గణిత సమస్యగా అడిగాడు. పెద్ద ఇళ్ల పేర్లు మాయమవుతుంటే వారి సంతాన శక్తి తగ్గిపోతోందని కొందరు అనుకునేవారు; కాదు, ఇది కేవలం యాదృచ్ఛికంగానే జరగవచ్చా అన్నది అతని సందేహం. హెన్రీ వాట్సన్ జవాబు పంపాడు, 1874లో ఇద్దరూ కలిసి ప్రచురించారు. లెక్క సారాంశం ఇది. ప్రతి మగవాడికి సగటున ఒక్క కొడుకు చొప్పున పుడతాడనుకుందాం, కాని కొందరికి ఇద్దరు ముగ్గురు, కొందరికి ఒక్కడూ ఉండడు. ఆ హెచ్చుతగ్గులు పూర్తిగా యాదృచ్ఛికమైతే, ఒక్క మగవాడితో మొదలైన ఇంటిపేరు మొదటి తరంలోనే ఆగిపోయే అవకాశం నూటికి 37. రెండో తరం ముగిసేసరికి అది 53 అవుతుంది, అయిదో తరానికి 73, పదో తరానికి 84. జనాభా పెరగకపోయినా తరగకపోయినా, ఎవరికీ ఏ జబ్బూ లేకపోయినా, మూడు వందల ఏళ్లలో నూరు పేర్లలో ఎనభైనాలుగు పోతాయన్నమాట. సగటున ఒక్క కొడుకుకు మించి పుట్టినా అన్ని పేర్లూ పోవడం ఖాయమని వాట్సన్ పొరపాటుగా తేల్చాడు. జనం పెరుగుతున్నచోట కొన్ని పేర్లు శాశ్వతంగా నిలిచే అవకాశం ఉందని 1930లో డెన్మార్క్ గణితజ్ఞుడు స్టెఫెన్సన్ సరిచేశాడు. నిజానికి ఫ్రాన్సులో బియెనెమే 1845లోనే ఈ విషయం గ్రహించాడు గాని అది ఎవరి కంటా పడలేదు.

ఈ లెక్కలో గమనించవలసినది ప్రారంభ సంఖ్య. వందమంది మ్యుల్లర్లతో వంద చోట్ల మొదలైన పేరులో ఎనభైనాలుగు శాఖలు ఎండిపోయినా పదహారు మిగులుతాయి, ఆ పదహారు విస్తరిస్తాయి. ఒక్క ఇంటితో మొదలైన పేరుకు రెండో అవకాశం లేదు. అందుకే అరుదైన ఇంటిపేరు ఉన్నవారు తమది పురాతన వంశమనో, ఉన్నత వంశమనో చెప్పుకోవడంలో అర్థం లేదు. అరుదుగా ఉండడానికి పేరు పాతదై ఉండనక్కరలేదు, చిన్నగా మొదలై, అంతరించిపోకుండా తప్పించుకుని ఉంటే చాలు. చట్టం మారినా లెక్క మారుతుంది: 1976 నుంచి జర్మనీలో భార్య ఇంటిపేరును ఉమ్మడి పేరుగా ఎంచుకోవచ్చు, 2025 మే నుంచి దంపతులిద్దరూ రెండు పేర్లనూ కలిపి పెట్టుకోవచ్చు. కొడుకులను మాత్రమే లెక్కించిన గాల్టన్ ఊహకు బయట, కూతుళ్ల ద్వారా కూడా అరుదైన పేరు ఇప్పుడు బతకగలదు.

నేటి జర్మనీలో డ్యూరర్ ఇంటిపేరుతో కనిపించే కొద్దిమంది మరి ఎవరు? చిత్రకారుడి సంతతి కాలేరు. బక్కపలచని మనిషిని సూచించే 'డ్యుర్' అన్న మాటనుంచో, ఆ ధ్వనితో మొదలయ్యే ఊరి పేరునుంచో అదే రూపం వేరేచోట ఏర్పడే వీలుంది; స్విట్జర్లాండ్‌లో 'టి' నిలుపుకున్న థ్యూరర్ అన్న ఇంటిపేరు ఉన్నంత మాత్రాన అది ఆయ్‌తోష్ తలుపుకు చెందినదని అనలేం. డైరెక్టరీ అక్షరాలను లెక్కిస్తుంది, వంశాలను కాదు. వంశాన్ని విడిగా పరీక్షించే మార్గం ఒకటుంది: తండ్రినుంచి కొడుక్కి ఇంటిపేరుతోపాటు వై క్రోమోజోమ్ కూడా దిగుతుంది. బ్రిటన్‌లోని లెస్టర్ విశ్వవిద్యాలయంలో టురీ కింగ్, మార్క్ జాబ్లింగ్ 40 ఇంటిపేర్లకు చెందిన 1,678 మంది మగవారిని పరీక్షించి 2009లో ఫలితాలు ప్రకటించారు. స్మిత్ వంటి సాధారణమైన పేరున్నవారి వై క్రోమోజోములు ఊళ్లో జనం అందరివీ కలిపినట్టు రకరకాలుగా ఉంటే, అరుదైన పేర్లలో చాలామందివి ఒకే మూలపురుషుడి వైపు చూపించాయి. కాని పోల్చి చూడటానికి న్యూరెంబర్గ్ డ్యూరర్ల మగ సంతతి మిగల్లేదు. కొలోన్‌లో నిక్లాస్‌కు కొడుకులు పుట్టి, వారి సంతతి నేటికీ ఉండి ఉంటే మాత్రం ఆంటన్ వై క్రోమోజోమ్ వారిలో ఉంటుంది. అయితే ఏ డైరెక్టరీలోనైనా వారిని వెతకవలసింది 'డి' దగ్గర కాదు, వేలమంది ఉంగర్ల మధ్య.