బిడ్డ కిడ్నీలో వాపు: అపోహలు, వాస్తవాలు

గర్భిణికి తీసిన స్కానింగ్‌లో బిడ్డ కిడ్నీకి వాపు ఉందనగానే ఇంటిల్లిపాదికీ కంటిమీద కునుకుండదు. అలాంటి తల్లిదండ్రులు పిల్లల సర్జన్‌గా నన్ను అడిగేవాటిలో ముఖ్యమైనవి ఇక్కడ రాస్తున్నాను. ఈ వాపుకు ఒక ప్రధాన కారణం, కిడ్నీ నుంచి మూత్రం నాళంలోకి దిగే చోట అడ్డంకి. దాన్ని పీయూజే అడ్డంకి అంటాం.

అపోహ: వాపు ఉంటే ఆపరేషన్ తప్పదు.

వాస్తవం: కడుపులో ఉండగా కనిపించే వాపుల్లో ఎక్కువ శాతం పుట్టాక వాటంతటవే తగ్గుతాయి. అడ్డంకి నిజంగా ఉందో లేదో రీనోగ్రామ్ (ఒక్కో కిడ్నీ ఎంత పనిచేస్తోందో, మూత్రం ఎలా దిగుతోందో చూపే స్కాన్) పరీక్ష చెబుతుంది. మొత్తం పనిలో ఆ కిడ్నీ వాటా 40 శాతం కన్నా తక్కువ ఉన్నా, పరీక్ష పరీక్షకూ పడిపోతున్నా, వాపు పెరుగుతున్నా, నొప్పి, జ్వరం వస్తున్నా ఆపరేషన్ గురించి ఆలోచిస్తాం. లేదంటే గమనిస్తూ ఉంటాం. గమనించడమంటే చెప్పిన తేదీకి స్కానింగ్‌కు రావడం. బిడ్డ హుషారుగా ఉన్నాడని మానేస్తే చెడిపోయే కిడ్నీ ఆ సంగతి పైకి చెప్పదు.

అపోహ: ఏదో అడ్డుపడింది, మందులతో కరిగిపోతుంది.

వాస్తవం: చాలామందిలో అక్కడ కరగడానికి ఏమీ ఉండదు. లోపం నాళం గోడలోనే ఉంటుంది. ఆపరేషన్‌లో తీసిన ముక్కను మైక్రోస్కోపు కింద చూస్తే వరుసగా ఉండాల్సిన కండర పోగులు చెదిరి, వాటి మధ్య కొల్లాజెన్ అనే పీచు పదార్థం పేరుకుని కనిపిస్తుంది. కండరానికి కదలిక లయను అందించే కాహాల్ కణాలు కూడా చాలామందిలో తక్కువగా ఉంటాయి. సన్నని గొట్టం దూరేంత దారి ఉన్నా మూత్రం కిందికి దిగకపోవడానికి కారణం ఇదే. పైన పెల్విస్ (కిడ్నీలో మూత్రం చేరే సంచి) గోడ మొదట మందమవుతుంది, తర్వాత సాగిపోతుంది. ఒత్తిడి కొనసాగితే కిడ్నీలోని సూక్ష్మనాళికలు కుంచించుకుపోయి, చుట్టూ మచ్చ కణజాలం పేరుకుంటుంది. అలా పోయిన భాగం ఏ ఆపరేషన్‌తోనూ తిరిగి రాదు.

కాస్త పెద్ద పిల్లల్లో నాళానికి అడ్డంగా వెళ్లే రక్తనాళం నొక్కడం మరో కారణం. వాళ్లకు ఉండుండి కడుపునొప్పి, వాంతులు వస్తాయి. గ్యాస్ అనుకుని ఏళ్లు గడిపేస్తారు. నొప్పి ఉన్నప్పుడే స్కానింగ్ తీయించండి. తగ్గాక తీస్తే వాపు కనిపించకపోవచ్చు.

అపోహ: క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) నార్మల్ కాబట్టి కిడ్నీ క్షేమం.

వాస్తవం: రెండో కిడ్నీ బాగుంటే చాలు, ఆ అంకె నార్మల్‌గానే వస్తుంది.

అపోహ: ఆపరేషన్ అంటే కిడ్నీ తీసేయడమే.

వాస్తవం: ఆ కిడ్నీని కాపాడటానికే ఆపరేషన్. 1949లో ఆండర్సన్, హైన్స్ అనే ఇంగ్లండ్ సర్జన్లు వివరించిన పైలోప్లాస్టీనే ఇప్పటికీ చేస్తున్నాం. చెడిన ముక్కను కోసి తీసేసి, నాళాన్ని వెడల్పుగా చీల్చి పెల్విస్‌కు మళ్లీ కుడతాం. కోతతో చేసినా, లాపరోస్కోపీతో చేసినా 90 శాతానికి పైగా సఫలమవుతుంది. తర్వాతి స్కానింగ్‌లో ఇంకా వాపు ఉందని కంగారు పడకండి. సాగిన పెల్విస్ తగ్గడానికి నెలలు పడుతుంది. కుట్లు మానేదాకా లోపల పెట్టే స్టెంటును (సన్నని గొట్టాన్ని) మాత్రం సాధారణంగా 4 నుంచి 6 వారాల్లో తీయించాలి. మరచిపోతే దానిమీద రాళ్లు పేరుకుంటాయి, మళ్లీ అడ్డంకి ఏర్పడుతుంది.