హాస్టల్ తలుపుకు తాళం వేస్తే పిల్లలు క్షేమమేనా? అపోహలు – వాస్తవాలు

వైద్య కళాశాలలో అడ్మిషన్ల వారం మొదలైతే, ధ్రువపత్రాల పరిశీలన ముగించుకున్న తల్లిదండ్రులు ఆ పక్కనే ఉన్న మా అగ్నిమాపక భద్రతా విభాగం బల్ల దగ్గరకు కూడా వస్తారు. సీటు వచ్చిందన్న సంతోషం కన్నా బిడ్డను తొలిసారి ఇంటికి దూరంగా వదిలి వెళుతున్నామన్న బెంగే వారి ముఖాల్లో ఎక్కువగా కనిపిస్తుంది. ఏటా వారు అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: "రాత్రిపూట తలుపులన్నిటికీ తాళం వేస్తారు కదండీ?" వేస్తామని చెబితే వారి మనసు కుదుటపడుతుందని తెలిసినా, ఆ మాట నేను చెప్పలేను.

అపోహ: రాత్రి అన్ని ద్వారాలకూ తాళం పడితేనే పిల్లలు క్షేమం.

వాస్తవం: బయటివారిని లోపలికి రానివ్వకపోవడం వేరు, లోపలివారిని బయటికి పోనివ్వకపోవడం వేరు. ఈ రెండింటినీ ఒకే తాళంతో సాధించాలనుకోవడమే మా వృత్తిలో నేను చూసిన పొరపాట్లన్నిటిలోకీ ప్రమాదకరమైనది. 2001 మార్చిలో కెన్యాలోని క్యాంగులి పాఠశాల వసతిగృహంలో నిప్పంటుకున్నప్పుడు, ఉన్న రెండు తలుపుల్లో ఒకదానికి తాళం వేసి ఉండటం, కిటికీలకు ఊచలు ఉండటం వల్ల 67 మంది బాలురు చనిపోయారు. 2023 మేలో గయానాలోని మాహ్దియా బాలికల వసతిగృహంలో కూడా కిటికీలకు గ్రిల్స్, తలుపులకు తాళాలు ఉన్నాయి. ఆ గాభరాలో సంరక్షకురాలికి తాళంచెవులు దొరకలేదు. అక్కడ 20 మంది పిల్లలు ప్రాణాలు కోల్పోయారు.

"తాళంచెవి వాచ్‌మన్ దగ్గరే ఉంటుంది, అవసరమైతే తీస్తాడు" అనేది దీనికి నిత్యం వినిపించే జవాబు. నేను గతంలో పనిచేసిన ఒక కళాశాలలో ఈ మాటను పరీక్షించడానికి అర్ధరాత్రి దాటాక కరెంటు మెయిన్ ఆపించి మాక్ డ్రిల్ పెట్టాను. వాచ్‌మన్ చేతిలోని గుత్తిలో ముప్పైకి పైగా తాళంచెవులు ఉన్నాయి. ఏది ఏ తలుపుదో తెలియడానికి ఎవరో ఒక్కోదానికి ఆసుపత్రి ప్లాస్టర్ ముక్క చుట్టి పెన్నుతో అంకె వేశారు కానీ, చేతి చెమటకు ఆ అంకెలు ఏనాడో చెరిగిపోయాయి. మూడో అంతస్తు వెనుక తలుపు తెరుచుకోవడానికి నాలుగు నిమిషాలు పట్టింది. ఆయన తప్పేమీ లేదు. టార్చిని నోట కరచుకుని, వణికే చేతులతో ఒక్కొక్క చెవినీ పెట్టి చూశాడు. అది ఉత్తుత్తి డ్రిల్ అని తెలిసినా వణికాడు.

నిజమైన ప్రమాదంలో అంత వ్యవధి దొరకదు. పరుపుల్లో, సోఫాల్లో ఉండే ఫోమ్ కాలినప్పుడు వచ్చే పొగలో కార్బన్ మోనాక్సైడ్‌తో పాటు హైడ్రోజన్ సయనైడ్ అనే విషవాయువు కూడా ఉంటుంది. కార్బన్ మోనాక్సైడ్ ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా బలంగా, రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌ను పట్టుకుంటుందని మా విద్యార్థులు మొదటి సంవత్సరంలోనే చదివి మార్కులు తెచ్చుకుంటారు. అదే వాయువు తమ కారిడార్‌లోకి రావచ్చని మాత్రం వారికి తట్టదు.

పరిష్కారం కొత్తదేమీ కాదు. అత్యవసర ద్వారానికి లోపలి వైపు పానిక్ బార్ అనే అడ్డకడ్డీ బిగిస్తే, బయటి నుంచి ఎవరూ తీయలేరు, లోపలి నుంచి మాత్రం అరచేత్తో నెడితే చాలు తెరుచుకుంటుంది. తలుపు తెరుచుకోగానే వార్డెన్ గదిలో గంట మోగే ఏర్పాటు కూడా ఉంటుంది. ఈ ప్రతిపాదన పెట్టినప్పుడు క్రమశిక్షణ ఏమైపోతుందని పరిపాలనా సంఘంలో వాదన జరిగి, ఫైలు మూడు సమావేశాలు తిరిగి, చివరికి ఒక్క బాలికల హాస్టల్‌కు అనుమతి వచ్చింది. నిరుడు ఒక తల్లి నా మాట నమ్మక స్వయంగా వచ్చి ఆ బార్ నెట్టి చూశారు. గంట మోగి వార్డెన్ పరుగెత్తుకొచ్చేసరికి ఆవిడ నొచ్చుకుని, "అయ్యో, అనవసరంగా పరుగెత్తించానమ్మా" అన్నారు. ఆ పరుగు కోసమే ఆ గంట పెట్టామని ఆవిడకు చెప్పాను.

అపోహ: అలారం ఊరికే మోగుతూ ఉంటుంది, పట్టించుకోనక్కరలేదు.

వాస్తవం: అమెరికాలోని సీటన్ హాల్ విశ్వవిద్యాలయంలో 2000 జనవరి 19 తెల్లవారుజామున అలారం మోగినప్పుడు చాలామంది విద్యార్థులు అలాగే అనుకున్నారు, ఎందుకంటే అంతకుముందు ఎన్నోసార్లు అది ఉత్తపుణ్యానికే మోగింది. ఆ రోజు ముగ్గురు చనిపోయారు, 50 మందికి పైగా గాయపడ్డారు. గదిలో దొంగచాటుగా వంట చేసుకోవడానికి పొగ డిటెక్టర్‌కు పాలిథిన్ సంచి తొడిగే పిల్లలను నేను ఏటా పట్టుకుంటూనే ఉంటాను.

పైకప్పు నుంచి నీళ్లు చిమ్మి మంటలార్పే స్ప్రింక్లర్ ఒకటి తెరుచుకుంటే భవనమంతా తడుస్తుందన్నది సినిమాల్లో చూసిన సంగతి. సాధారణంగా దాదాపు 68 డిగ్రీల వేడి తగిలిన స్ప్రింక్లర్ ఒక్కటే తెరుచుకుంటుంది. గోడకు తగిలించిన మంటలార్పే చిన్న సిలిండర్ అర నిమిషం లోపే ఖాళీ అవుతుంది కనుక, అది చెత్తబుట్టలో మంటకు తప్ప గదంతా అంటుకున్న మంటకు పనికిరాదు. లిఫ్టు సంగతి చెప్పనే అక్కరలేదు.

అపోహ: అగ్నిమాపక శాఖ అనుమతి పత్రం ఉంది కనుక చింత లేదు.

వాస్తవం: ఆ పత్రం తనిఖీ జరిగిన నాటి పరిస్థితికి, నాడు అక్కడ నివసించే మనుషుల సంఖ్యకు సంబంధించినది. సీట్లు పెరిగాయంటే విశ్వవిద్యాలయంలో మిఠాయిలు పంచుతారు కానీ, ఇద్దరుండే గదిలోకి మూడో మంచం చేరుతుందని, గదిలో పట్టని బీరువాలు కారిడార్‌లోకి వస్తాయని, మెట్ల వెడల్పు మాత్రం అంగుళం కూడా పెరగదని అప్పుడు ఎవరికీ గుర్తుండదు. సీట్ల పెంపు ఫైలు నా బల్ల మీదుగా కూడా వెళ్లాలని నేను రాసిన లేఖకు ఇంతవరకు జవాబు రాలేదు. బీరువాలు తీయించే ఉత్తర్వుపై మాత్రం గత నెలలో సంతకమైంది. నిన్న వెళ్లి చూస్తే బీరువాలు అక్కడే ఉన్నాయి, ఒకదాని తలుపుకు ఆ ఉత్తర్వు అతికించి ఉంది.