బావిలో ఈత వస్తే చాలా? మునిగిన ఓడ దగ్గర డైవింగ్: అపోహలు - వాస్తవాలు

హనుమకొండలో స్కూబా (వీపు మీది సిలిండర్ గాలి పీలుస్తూ నీళ్ల కింద ఈదడం) నేర్పుతానంటే “మన దగ్గర సముద్రమే లేదు కదన్నా” అంటారు. నిజమే. పాఠాలన్నీ స్విమ్మింగ్ పూల్‌లోనే చెప్పి, తర్వాత చిన్న బ్యాచ్‌లుగా బాలిలోని తులాంబెన్‌కు తీసుకెళ్తాను. అక్కడ పడవ అక్కర్లేదు. ఒడ్డు నుంచి నడిచి దిగితే కాస్త దూరంలోనే మునిగిన ఓడ, ఆ దగ్గర్లోనే పగడపు దిబ్బ. బయల్దేరే ముందు ప్రతి బ్యాచ్‌లో వినే మాటలు ఇవి.

అపోహ: “చిన్నప్పటి నుంచి బాయిలో ఈత కొట్టినోణ్ని, నాకేం కాదు.”

ఈ మాట అన్నవాళ్ల మీదే నా కన్ను ఎక్కువగా ఉంటుంది. నర్సంపేట, పరకాల వైపు ఊళ్లలో పెరిగినవాళ్లు గట్టు మీద నుంచి దుంకి, ఊపిరి బిగబట్టి, అడుగున ఉన్న మట్టి తెచ్చి చూపిస్తారు. నీళ్లంటే భయం లేకపోవడం మంచిదే. కానీ స్కూబాలో ఆ బిగబట్టే అలవాటే ప్రాణం మీదికి తెస్తుంది. బావిలో పైన పీల్చిన గాలితోనే కిందికి వెళ్తాం, పైకి వచ్చేసరికి అది మళ్లీ మొదట ఉన్నంతే అవుతుంది. స్కూబాలో గాలి పీల్చేది నీళ్ల కింద. 10 మీటర్ల లోతులో పీడనం పైనున్నదానికి రెట్టింపు. అక్కడ ఛాతీ నిండా పీల్చి, బిగబట్టి పైకి వస్తే ఆ గాలి రెండింతలు అవ్వాలని చూస్తుంది. ఊపిరితిత్తుల్లో అంత చోటు లేదు, చిరుగుతాయి. మీటరున్నర లోతు నుంచి లేచినా ఈ ప్రమాదం ఉంది, అంటే పూల్‌లో కూడా.

ఒకసారి మాస్కులోకి నీళ్లు రాగానే ఒకాయన టెన్షన్ పడి, ఊపిరి బిగబట్టి పైకి లేవబోయారు. భుజం పట్టి ఆపి, బుడగలు వదలమని సైగ చేశాను. అప్పటి నుంచి మొదటి రోజంతా ఇదే సాధన: రెగ్యులేటర్ (సిలిండర్ గాలిని నోటికి అందించేది) నోట్లో ఉంటే ఆగకుండా శ్వాస, నోట్లో లేకపోతే “ఆ...” అంటూ సన్నగా బుడగలు.

అపోహ: వీపు మీద ఉండేది ఆక్సిజన్ సిలిండర్.

కాదు, మనం రోజూ పీల్చే గాలినే ఒత్తి నింపుతారు. సుమారు 6 మీటర్లు దాటాక స్వచ్ఛమైన ఆక్సిజన్ పీలిస్తే ఫిట్స్ రావచ్చు.

అపోహ: ఆ ఓడ యుద్ధంలో మునిగి నేరుగా సముద్రం అడుగుకు చేరింది.

నాకు ఎన్నిసార్లు చెప్పినా తనివి తీరని కథ ఇది. అమెరికా సైన్యపు సరుకుల ఓడ లిబర్టీని 1942 జనవరిలో జపాన్ జలాంతర్గామి టార్పెడోతో కొట్టింది. లాక్కెళ్తుంటే నీళ్లు నిండిపోవడంతో తులాంబెన్ ఒడ్డుకు చేర్చారు. అలా ఇరవై ఏళ్లకు పైగా ఒడ్డునే పడి ఉంది. 1963లో ఆగుంగ్ అగ్నిపర్వతం పేలినప్పుడు నీళ్లలోకి జారింది. ఇప్పుడు దాని పైభాగం సుమారు 5 మీటర్ల లోతులో, అడుగు 30 మీటర్ల దగ్గర ఉంది. “లోపలికి పోదామన్నా” అంటారు. తుప్పు పట్టిన రేకు కత్తిలా కోస్తుంది, కాలి తన్నుకు బురద లేస్తే దారి కనపడదు. విడిగా శిక్షణ లేనివాళ్లను లోపలికి రానివ్వను.

ఒడ్డు నుంచే కాబట్టి సులువు అనుకోవద్దు. అక్కడ ఇసుక కంటే గుండ్రటి నల్లరాళ్లు ఎక్కువ, మత్తడి మీద పాచి రాళ్లలా కాలు నిలవనివ్వవు. సిలిండర్ బరువుతో నడుస్తుంటే అల మోకాళ్ల మీద కొడుతుంది. బూట్లు వేసుకుని, అలల మధ్య సందు చూసి దిగాలి. నడుములోతు నీళ్లు వచ్చాకే ఫిన్స్ (ఈదడానికి కాళ్లకు వేసుకునే రెక్కలు) తొడుక్కోవాలి.

అపోహ: పగడం రాయే కదా, పట్టుకుంటే ఏమవుతుంది?

అది ఎన్నో చిన్న ప్రాణుల కాలనీ. వాటి ఒంట్లో ఉండే సూక్ష్మమైన నాచే వాటికి చాలావరకు తిండి పెడుతుంది. బండలా కనిపించే పగడాలు ఏడాదికి సెంటీమీటరు అటూఇటూగా పెరుగుతాయి. ఒక్క ఫిన్ దెబ్బకు విరిగేది మనకంటే పెద్ద వయసుది కావచ్చు. ఓడ ఇనుము మీద కూడా ఇప్పుడు పగడాలే, అక్కడా చేతులు పెట్టనివ్వను.

ఇక తిరుగు ప్రయాణం రోజు పొద్దున “ఇంకొక్క డైవ్” అని బతిమాలుతారు. ఒంట్లో కరిగిన నైట్రోజన్ విమానంలో పీడనం తగ్గగానే బుడగలు కట్టవచ్చు. వరుసగా డైవ్‌లు చేసినవాళ్లు కనీసం 18 గంటలు ఆగాలి. అందుకే విమానం టికెట్ తీసుకునే ముందే నాకు ఫోన్ చేయమంటాను. చివరి రోజు డైవింగ్ ఉండదు, బజారుకు వెళ్లొచ్చు.