కొవ్వు తీయించేస్తే షుగర్ పోతుందా?

పోయిన నెల ఒకబ్బాయి ఓపీకి వచ్చాడు, ముప్పై ఆరేళ్లుంటాయి. చొక్కా పైకెత్తితే పొట్ట చుట్టూ బిగుతు బెల్టు, దాని అంచులు ఒరుసుకుని ఎర్రటి గీతలు. లోను తీసి మరీ లైపోసక్షన్, అంటే గొట్టంతో కొవ్వు పీల్చేసే ఆపరేషన్, చేయించుకున్నాడు. "కొవ్వే పోయింది కదా మేడమ్, ఇంక మాత్రలెందుకని మానేశా" అన్నాడు. పరగడుపు షుగర్ 268. ఈ మాట వినడం ఇదే మొదటిసారైతే ఇది రాసేదాన్ని కాదు.

అపోహ: కొవ్వంటే ఒంట్లో పేరుకున్న చెత్త, తీసేస్తే షుగర్ పోతుంది.

వాస్తవం: కొవ్వు కూడా థైరాయిడ్ లాగే హార్మోన్లు తయారు చేస్తుంది. 1994లో కొవ్వు నుంచి వచ్చే లెప్టిన్ అనే హార్మోన్‌ను కనిపెట్టాక ఇందులో అనుమానానికి చోటే లేదు. ఇన్సులిన్ బాగా పనిచేయడానికి తోడ్పడే ఆడిపోనెక్టిన్ అనే హార్మోన్ తయారయ్యేదీ కొవ్వు కణంలోనే, ఆ తయారీకి కావాల్సిన శక్తిని ఇచ్చేది అక్కడి మైటోకాండ్రియా, అంటే కణంలోని బుల్లి పవర్‌హౌస్‌లు. అవి దెబ్బతింటే ఆడిపోనెక్టిన్ పడిపోతుందని కణాల మీదా ఎలుకల మీదా చేసిన ప్రయోగాల్లో చూశారు. కణం మోయలేనంత కొవ్వు నింపుకుని ఉబ్బితే జరిగేది అదే, పైగా దానిలో పట్టని కొవ్వు లివర్‌లోకీ కండరాల్లోకీ చేరుతుంది.

లైపోసక్షన్ తీసేది చర్మం కింది కొవ్వును. లివర్‌లోది అక్కడే ఉంటుంది, మిగిలిన కణాలు అలాగే ఉబ్బి ఉంటాయి. 2004లో అమెరికాలో 15 మంది ఊబకాయం ఉన్న ఆడవాళ్లకు ఇలాగే దాదాపు పది కిలోల కొవ్వు తీసి, పది పన్నెండు వారాలయ్యాక చూస్తే ఇన్సులిన్ పనితీరూ మారలేదు, ఆడిపోనెక్టినూ మారలేదు. అసలు కొవ్వే సరిగ్గా ఏర్పడని లైపోడిస్ట్రోఫీ అనే జబ్బుంది, అందులో షుగర్ చాలా తీవ్రంగా వస్తుంది. ఇంకో సంగతి, పయోగ్లిటజోన్ అనే షుగర్ మాత్ర వాడితే బరువు కాస్త పెరుగుతుంది, అయినా షుగర్ తగ్గుతుంది, ఎందుకంటే అది కొవ్వు కణాల్లో మైటోకాండ్రియానీ, రక్తంలో ఆడిపోనెక్టిన్‌నీ పెంచుతుంది. (అలాగని మెడికల్ షాపులో అడిగి కొనుక్కోకండి, గుండె బలహీనంగా ఉన్నవాళ్లకు అది ప్రమాదం.)

తిండి తగ్గించి, నడిచి బరువు తగ్గడం వేరు. అప్పుడు ఉబ్బిన కణాలే చిక్కుతాయి, లివర్‌లోదీ కరుగుతుంది.

"సన్నగానే ఉన్నా, నాకెందుకొస్తుంది" అనేవాళ్లు టేపు తీసుకుని నడుము కొలుచుకోండి, మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే షుగర్ పరీక్ష చేయించుకోండి. మైటోకాండ్రియాను బాగుచేస్తాయని అమ్మే పౌడర్లంటారా, డబ్బు దండగ. చన్నీళ్ల స్నానంతో, ఒంట్లో వేడి పుట్టించే గోధుమరంగు కొవ్వు మేల్కొని షుగర్ పోతుందని వాట్సాప్‌లో తిరుగుతోంది. ఆ కొవ్వు పెద్దవాళ్లలోనూ ఉన్నమాట నిజమే, కానీ కొంచెమే ఉంటుంది, దాన్ని నమ్ముకుని మాత్రలు మానకండి.

ఆ అబ్బాయి వాళ్లమ్మ బయట బెంచీ మీద కూర్చుని ఏడుస్తోంది, ఆపరేషన్ చేయించుకోమని తనే చెప్పిందట. "మీకు అలా చెప్పినవాళ్లది తప్పమ్మా, మీది కాదు" అన్నాను. మాత్రలు మళ్లీ మొదలుపెట్టాం, రెండు వారాల్లో పరగడుపు రిపోర్టు తీసుకుని రమ్మన్నాను.