రెప్ప ఆర్పలేనివారికి ఖాతా లేదా?

ఫోన్‌లో బ్యాంకు ఖాతా తెరవాలంటే డిజిటల్ కేవైసీలో, అంటే ఖాతాదారు ఎవరో నిర్ధారించుకునే ప్రక్రియలో, చాలాచోట్ల కెమెరా ముందు కనురెప్పలు ఆర్పి చూపించాలి. అవతల ఉన్నది ఫొటో కాదు, మనిషేనని తేల్చుకోవడానికి ఈ ఏర్పాటు. యాసిడ్ దాడిలో కళ్లు దెబ్బతిన్నవారు ఆ పని చేయలేరు. చూపు లేనివారికి తమ ముఖం తెర మీది గడిలో పడిందో లేదో తెలియదు. ఈ బాధితులే సుప్రీంకోర్టుకు వెళ్లారు. డిజిటల్ సేవలు అందుకోవడం 21వ అధికరణ ఇచ్చిన జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్ 30న కోర్టు తేల్చింది.

నిజానికి కోర్టు దాకా రావాల్సిన విషయమే కాదిది. చేయాల్సిందేమిటో ఎప్పటినుంచో తెలుసు. వెబ్‌సైట్లను అందరూ వాడుకునేలా ఎలా తయారుచేయాలో చెప్పే డబ్ల్యూసీఏజీ ప్రమాణాలు 1999లోనే వచ్చాయి. బటన్‌కు పేరు పెట్టకపోతే, తెర మీద ఉన్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్ 'బటన్' అని మాత్రమే పలుకుతుంది. అది డబ్బు పంపేదో, రద్దు చేసేదో వినేవారికి ఎలా తెలుస్తుంది? తెలుగువారికి ఒకప్పుడు ఇంకో చిక్కు కూడా ఉండేది. యూనికోడ్‌కు మారకముందు పత్రికల సైట్లు తలో ఫాంటు వాడేవి. కంటికి అది తెలుగే, స్క్రీన్ రీడర్ చదివితే మాత్రం అర్థంపర్థం లేని అక్షరాలు.

అసలు లోటు చట్టం అమలులో ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం డిజిటల్ సేవలకూ ప్రమాణాలు పెట్టాలంది. నిబంధనలు వచ్చిన రెండేళ్లలో సేవలందించేవారంతా వాటిని పాటించాలని గడువు కూడా పెట్టింది. 2017లో నిబంధనలు వచ్చాయి, 2019లో గడువు దాటింది. కానీ 15వ నిబంధన కింద ఉన్న మార్గదర్శకాల్లో ఎక్కువభాగం 'చేస్తే మంచిది' తరహా సిఫార్సులే. చేయకపోతే అడిగేవాళ్లు లేరు. హైదరాబాద్ నల్సార్ విశ్వవిద్యాలయంలోని వికలాంగుల అధ్యయన కేంద్రం కోర్టు కోరిక మీద ఇచ్చిన నివేదిక ఈ లోపాన్ని వివరంగా చూపింది. 2024 నవంబర్ 8న సుప్రీంకోర్టు ఆ నిబంధన మూల చట్టానికే విరుద్ధమంది. తప్పనిసరిగా పాటించాల్సిన నియమాలను మూడు నెలల్లో రూపొందించాలని కేంద్ర ప్రభుత్వాన్ని ఆదేశించింది.

ఆ తర్వాత వచ్చిందే కేవైసీ తీర్పు. అందులోని 20 ఆదేశాల్లో రెప్ప ఆర్పడానికి ప్రత్యామ్నాయం చూపాలన్నది అందరి దృష్టిలో పడింది. నా లెక్కలో అంతకన్నా ముఖ్యమైనది ఇంకొకటుంది: యాప్ తయారయ్యేటప్పుడే, కొత్త సదుపాయం తెచ్చేటప్పుడే చూపు లేనివారితో వాడించి చూడాలి. ఆ పని ముందే చేసి ఉంటే పేరు లేని బటన్ మొదటి రోజే దొరికిపోయేది.